పత్తిలో పెళ్ళికొడుకు

ఇవ్వను బావా. ఎంత చెయ్యి చాపినా అగ్గిపెట్టె ఇవ్వను. కప్పు దాకా పత్తి పోసిన గదిలో, ఆ పత్తిలోనే పీకల దాకా కూరుకుని, బీడీ ముట్టించుకుంటానంటావా? ఒకసారి ముట్టించింది చాలలేదా?

నోరు తెరవకు. తలూపితే చాలు. వరండాలో కానిస్టేబుల్ నవీన్‌బాబుగారు కూర్చున్నారు. మా నాన్న ఆయనకి రెండోసారి టీ ఇచ్చి, ఈ ఏడు పత్తి ధర ఎందుకు పడిపోయిందో వివరిస్తున్నాడు. లోపల రెండు గొంతులు వినపడకూడదు. నేనే మాట్లాడతా. నువ్వు విను.

మొన్న నందిగామ వెళ్ళా, లాయరు లక్ష్మీకాంత్‌గారి దగ్గరికి. నాయనమ్మ కూడా వచ్చింది. నీకు అమ్మమ్మే కదా, ఆగుతుందా? "ఒక స్నేహితురాలి సంగతండీ" అని నేను ఎంతో జాగ్రత్తగా మొదలుపెట్టా. "స్నేహితురాలు కాదయ్యా, ఇదే" అంది నాయనమ్మ.

ఏం చెప్పారో తెలుసా? హత్య చేసినవాణ్ణి తెలిసి దాస్తే ఐదేళ్ళ దాకా శిక్షట. గది ఇచ్చినా, బట్టలిచ్చినా, అన్నం పెట్టినా దాచినట్టేనట. అంటే నేను వండిన గోంగూర పప్పు కూడా నేరమే బావా! నువ్వేమో ఉప్పు తక్కువైందన్నావు.

"మరి ఎవరు దాస్తే నేరం కాదండీ?" అని అడిగా.

"భార్య దాస్తే కాదమ్మా. భర్త దాచినా కాదు. ఇంకెవరు దాచినా నేరమే."

"కన్నతల్లి?" నేరమే. "మేనమామ?" నేరమే. అప్పుడు నాయనమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. "మేనబావంటే పుట్టినప్పుడే సగం మొగుడు కదయ్యా. శిక్షలో సగమన్నా తగ్గదా?"

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "చట్టంలో సగం మొగుళ్ళు లేరమ్మా."

ఇంకేముంది! వచ్చేటప్పుడు ఆటోలోనే మన పెళ్ళి కుదిరిపోయింది. పెళ్ళికి ముందు పెట్టిన అన్నానికి పెళ్ళి తర్వాత మాఫీ ఉండదని ఆయన గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారు. సాక్ష్యం మాయం చెయ్యడం వేరే నేరమని, దానికి భార్య అన్న మినహాయింపు కూడా లేదని చెప్పారు. నాయనమ్మ ఏమన్నా విన్నదా? మినహాయింపు అన్న మాట ఒక్కటీ చెవిలో వేసుకుని, మిగతాదంతా అక్కడే వదిలేసి వచ్చింది.

సాక్ష్యమంటే గుర్తొచ్చింది. మీ అమ్మ నీ చొక్కాని సోడా వేసి ఉడకబెట్టింది. చొక్కా రంగు పోయింది, పెట్రోలు వాసన మాత్రం ఇల్లంతా పట్టింది. నాన్న నీ బండిని పరిటాల తీసుకెళ్ళి ఆంజనేయుడి విగ్రహం దగ్గర వదిలేసి వచ్చాడు. అందరూ తలెత్తి పైకి చూసే చోట కింద ఉన్న బండి ఎవరికి కనపడుతుందని ఆయన లెక్క. చర్చిలో కానుక పళ్ళెం పట్టే పెద్దమనిషి, బావా!

చిన్నప్పుడు మనిద్దర్నీ చెరో పక్క పడుకోబెట్టుకుని చెప్పేది నాయనమ్మ. రాజకుమారుణ్ణి గంప కింద దాచిన పూటకూళ్ళమ్మ కథ. భటులొచ్చి అడిగితే ఆ గంప మీదే కూర్చుని గారెలు వేసేది. నాకెంత ఇష్టమో ఆ కథ! కానీ ఆ రాజకుమారుడు ఏ పాపమూ ఎరగడు. నాయనమ్మ ఆ సంగతి మర్చిపోయింది. గంప ఒక్కటే గుర్తుపెట్టుకుంది.

నిన్నొకటి అడుగుతా. జగ్గయ్యపేట మిల్లులో ఏళ్ళ తరబడి మూటలు మోసినవాడివి. గుమాస్తా మీద కోపంతో పత్తి కుప్పకి నిప్పు పెట్టావు, సరే. వాచ్‌మన్ నెహెమ్యాగారు రోజూ ఆ కుప్ప పక్కనే పడుకుంటారని నీకు తెలియదా? గుమాస్తాతోనే తేల్చుకుందామని ఆగావా? పోనీ, నిప్పు పెట్టే ముందు నెహెమ్యాగారిని లేపావా?

...తల దించుకున్నావు. తెలుసన్నమాట. నాకు అది ఒక్కటే కావాలి.

ఇక పెళ్ళి సంగతి. నాన్న పాస్టరు సొలొమోనుగారిని కలిశాడు. "వరుడు ఎక్కడున్నాడు శాంతయ్యా?" "తెలియదండీ." "మరి ఒప్పుకున్నాడని ఎలా తెలుసు?" "రాత్రి అన్నం తింటూ ఒప్పుకున్నాడండీ!"

పాస్టరుగారు రెండు చేతులతో చెవులు మూసుకుని "నేనేమీ వినలేదు" అన్నారట. పెళ్ళి మాట తెలిస్తే నువ్వే బయటికి వస్తావని ఆయన ఆశ. అందుకని ఇవాళ ఆరాధనలో చదివారు. "మొదటి ప్రకటన. బెన్నికీ జాయిస్‌కీ వివాహం నిశ్చయమైనది. అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పవలెను."

చర్చి మొత్తం ఒకేసారి సూసన్ వైపు తిరిగింది. ఆ మంటల్లో పోయిన నెహెమ్యాగారి భార్య. ఆమెకి తప్ప ఇంకెవరికుంటుంది అభ్యంతరం? ఆమె లేవలేదు. ఒళ్ళో ఉన్న పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. పాయలు కలవడం లేదు.

నేను లేచా.

"నువ్వు కాదమ్మా, నువ్వు పెళ్ళికూతురివి, కూర్చో" అన్నారు పాస్టరుగారు. "అభ్యంతరం నాదేనండీ" అన్నా. "వరుడు మా పత్తి గదిలో ఉన్నాడండీ" అన్నా. వెనక వరసలో ఎవరో అలవాటు కొద్దీ ఆమేన్ అన్నారు.

అలా చూడకు బావా. అవును, నేనే చెప్పా. నవీన్‌బాబుగారు టీ కోసం రాలేదు. నిన్ను మాట్లాడొద్దన్నది ఆయన వింటారని కాదు, నా మాట పూర్తి కానిస్తావో లేదోనని. నీ అంతట నువ్వే బయటికి వస్తే అలాగే రాస్తామన్నారు. ఎస్సై మేడమ్ జీపు జగ్గయ్యపేట దాటిందట. ముందు నువ్వు ఎక్కుతావు, దాచినందుకు తర్వాత మేమందరం. నాయనమ్మ కొత్త చీర కట్టుకుని కూర్చుంది. నాతో మాట్లాడటం లేదు. "కథంతా పాడుచేశావే" అంది, అంతే.

లే. తల మీద పత్తి దులుపుకో.

పోయిన ఏడు నువ్వు మామూలుగా వచ్చి అడిగుంటే ఒప్పుకునేదాన్నే. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెప్తున్నా. ఇవాళైతే మాత్రం, నీ భార్యనై బయట తిరిగేకంటే, నీ మరదలినై లోపల కూర్చోవడమే నాకు నయం.