జర పక్కకు

వరంగల్ కొత్తవాడలో ఒక ఇంటి అరుగు మీద తల్లి రాట్నం ముందు కూర్చుని, లోపల తండ్రి జంపఖానా నేస్తున్న మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. పీహెచ్‌డీ చేస్తున్న కూతురు అప్పుడే తన గైడును కలిసి వచ్చి చెప్పులు విడిచింది.

“సారు ఏమన్నడు బిడ్డా?”

“ఆ చాప్టర్ తీసేస్తెనే థీసిస్ మీద సంతకం పెడ్తడట.”

“అందుల అంత ఏమున్నది?”

“మెదడుల కావలి కాసే కణాలుంటయి, రోగమొస్తే కొట్లాడుతయి. వాటి పక్కపొంటి ఇంకో రకం ఉంటయి. అవి ఉత్తగ సాయం చేసేటియే అంటరు అందరు. నేను ల్యాబుల అవి లేకుంట కావలి కణాలను పెంచి చూసిన. సక్కగ ఎదుగలే. వాటిని తయారు చేసేటియి ఇవే అని రాసిన.”

“మరి సారుకేం నొప్పి?”

“సాయం చేసేటివాటికి ఇంత పేరెందుకు అంటాండు.”

“తీసెయ్యరాదు. ఒక్క చాప్టరే గద.”

“మొన్న పేపరోళ్లు జంపఖానాతోని బాపు ఫోటో తీసుకుంట నిన్ను జర పక్కకు జరుగుమన్నరు. నువ్వు జరిగినవ్. నేను వాటిని జరుపనమ్మా. సారుకు గదే చెప్పొచ్చిన.”

తల్లి చేతిలో రాట్నం ఆగింది. కాసేపటికి లోపల మగ్గం కూడా ఆగింది.

“అమ్మా, బాపు కండె కోసం చూస్తాండు.”

“చూడనీ. నువ్వు ఆ చాప్టర్ తియ్యకు.”