నడుము దగ్గర మూడంగుళాలు

ముప్పై ఏళ్ళుగా తన బట్టలు కుడుతున్న దర్జీ ముందు మాస్టారు పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డారు.

“ఊపిరి వదలండి మాస్టారూ. బిగబడితే టేపు నమ్మదు.”

“వదిలాను. ఎంతుంది?”

“ముప్పై తొమ్మిది. ఈ ప్యాంటు కుట్టినప్పుడు ముప్పై ఆరు. ఏం తింటున్నారేంటి?”

“కనిపించిందల్లా. సిగరెట్లు మానేసి మూడు నెలలైంది. మెదడులో కడుపు నిండిందని చెప్పే కణాలుంటాయట. పొగలోని నికోటిన్ వెళ్ళి వాటిని తట్టి లేపేదట. తినకపోయినా నిండిందనేవి.”

“అంటే నలభై ఏళ్ళు మీ బుర్రే మీకు మస్కా కొట్టిందన్నమాట.”

“ఇప్పుడు పొగ లేదు, వాటిని లేపేవాడూ లేడు. ఆకలి ఒక్కటే మేలుకునుంది.”

“మరి జేబులో ఆ పెట్టె ఏంటి?”

మాస్టారు జేబు మీద చెయ్యి వేసుకున్నారు.

“ఇంకా విప్పలేదు. ప్యాంటు పట్టకపోతే మళ్ళీ మొదలెడదామని. పోయేముందు మా ఆవిడ కొన్న గుడ్డయ్యా ఇది. పక్కన పడెయ్యలేను.”

దర్జీ బల్ల మీదున్న ప్యాంటు నడుము కుట్టు విప్పి లోపలి మడత చూపించాడు.

“ఇంత గుడ్డ వదిలావేంటి? నువ్వు అంగుళానికి మించి వదలవుగా.”

“అమ్మగారు వదలమన్నారు. ‘ఆ పొగగొట్టం ఏదో ఒకరోజు ఆరుతుంది. అప్పుడు తిండి మీద పడతారు, మూడంగుళాలు ఉంచు’ అన్నారు.”

మాస్టారు ఆ మడతను వేళ్ళతో కొలిచి చూసుకున్నారు. తర్వాత జేబులోని పెట్టె తీసి బల్ల మీద పెట్టారు.

“నాకెందుకండీ? నేను తాగను.”

“నీ మిషను కాలు ఊగుతోందిగా. దాని కింద పెట్టుకో.”