ఏటవాలు వెలుగు

లేజరు గదిలో అక్కాచెల్లెళ్ళు. ప్రయోగశాలకి అధిపతి అక్క, అందులో పరిశోధన చేసేది చెల్లెలు, మొండితనం మాత్రం ఇద్దరిదీ.

"...ఎన్నిసార్లు చెప్పాలే నీకు? సాయంత్రంలోగా జర్నలుకి పంపిన ఆ పేపరు వెనక్కి తీసుకుంటున్నానని రాసి పంపు. లేదంటే ఈ గది తాళం ఇచ్చేసి వెళ్ళు."

"తీసుకోనక్కా."

"తీసుకోవా?"

"తీసుకోను. ఆ స్ఫటికం మీద వెలుగు పడితే కరెంటు పుడుతోంది. కళ్ళారా చూశాను."

"లేజరు తగిలి వేడెక్కుంటుంది. వేడికి ఆమాత్రం కరెంటు రాదా? దానికి టోపోలాజికల్ ఇన్సులేటరనీ, ఎలక్ట్రాన్ల స్పిన్ననీ ఇంత హంగామా దేనికి?"

"వేడికి కుడీ ఎడమా తెలుస్తాయా?"

"మళ్ళీ మొదలెట్టావా."

"వెలుగుని కుడివైపు మెలితిప్పి పంపితే కరెంటు ఇటు పోతోంది. ఎడమవైపు తిప్పితే అటు. ఆ రాయి లోపల కరెంటు పారదు, పైపొర మీదే ఎలక్ట్రాన్లు పరిగెడతాయి. ఎటు పరిగెత్తేదీ వాటి స్పిన్ తోనే, ఆ బొంగరం తిరుగుడుతోనే..."

"నాకే పాఠమా? అది నీకు నేర్పిందే నేను."

"నేర్పావుగా, అయితే లేజరు చుట్టూ ఉన్న ఆ తెర లోపలికి వెళ్ళు. వెలుగుని మెలితిప్పే ఆ ప్లేటు నీ చేత్తోనే తిప్పు. ఎటు తిప్పావో నాకు చెప్పొద్దు. బయట మీటరు చూసి నేనే చెప్తా. ఒక్కటి తప్పినా తాళం నీ చేతిలో పెట్టి పోతా."

"భయం లేదూ నీకు?"

"ఉంది. అయినా తీసుకోను. కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళు."

"...సరే, తిప్పాను."

"కుడి."

"ఇప్పుడు?"

"ఎడమ."

"ఊఁ. ఇప్పుడు?"

"ఎడమే. తిప్పినట్టు చప్పుడు చేశావు, తిప్పలేదు."

"ఉండవే. ఇప్పుడు?"

"కుడి. అదిగో, ఎడమ చేశావు. మళ్ళీ కుడి. ఇంకా తిప్పుతావా?"

"చాల్లే."

"వేడేనా మరి?"

"వేడి కాదు. ఒప్పుకుంటున్నా. కానీ నీ స్ఫటికం శుద్ధమైంది కాదు. ఏదో మలినం చేరి ఇలా వేషాలేస్తోంది. నేను పెంచిన స్ఫటికంలో ఈ కరెంటు లేదు. లేదని నేను రాశాను, అందరూ సరేనన్నారు. నిన్నగాక మొన్న వచ్చి నువ్వు..."

"అదీ నీ బాధ. నాది తప్పని కాదు, నీ పరువు పోతుందని పేపరు తీసేయమంటున్నావు."

"నోరు మరీ లేస్తోంది. అమ్మ పోయాక నిన్ను..."

"అమ్మని మధ్యలోకి తేకు. నువ్వు పెంచావు, నిజమే. ఆ రుణానికి అబద్ధం రాయమంటే రాయను. అక్కా, నువ్వు వెలుగుని నిట్టనిలువుగా వేశావు. అలా పడితే అన్నివైపులా సమానమే, ఎలక్ట్రాన్లని ఎటూ తోయదు. నేను ఏటవాలుగా వేశాను. అంతే తేడా."

"అంతే తేడా అని ఎలా అంటావు? నీ రాయి వేరు, నా రాయి వేరు."

"ఏం వేరు కాదు. పొద్దున నీ బీరువా తెరిచాను. టేపు అంటించి పాత పైపొర లేపేశాను, కింద అద్దంలా కొత్త పొర వచ్చింది. ఇప్పుడు నీ ముందున్నది నీ స్ఫటికమే."