మూడో కొటేషన్

"'మూడు కంపెనీల కాగితాల మీదా ఒకే చోట ఒకే నల్లగీత ఉందేంటి యోగేందర్ గారూ, మూడు కంపెనీలకీ కలిపి ఒకటే ప్రింటరా?' అన్నదిర ఆ మేడమ్! అటెండర్ ముంగట నా ఇజ్జత్ తీసింది!"

"మరి ఒకటే ప్రింటర్ గదనే అన్నా."

"ఒకటే. అయితే ఏంది? రేటు చూడాలె గానీ గీతలు చూసుడేందిర?"

ఎల్బీనగర్ మెట్రో పిల్లర్ పక్కకు, ఈరమ్మ చాయ్ బండి కాడ, పొద్దుగాల పదకొండు గంటలకు ఈ లొల్లి. ఒర్రుతున్నది యోగేందర్, కాంట్రాక్టర్. మెల్లగ జవాబిస్తున్నది సైదులు, ఆరేండ్ల సంది ఆయన కింద వైరింగ్ పని చేస్తున్నోడు.

సంగతేందంటే, మీర్‌పేట్ దిక్కు ఒక సర్కారు బడి మీద సోలార్ పలకలు పెట్టాలె. పైసలు సర్కారువి. సర్కారు పైసలంటే రూల్ ఉంటది: మూడు వేరువేరు కంపెనీలు, ఒకలది ఒకలకు తెల్వకుంట, సీల్ కవర్ల రేట్లు ఇయ్యాలె. ఎవలది తక్కువుంటే పని వాళ్ళది. యోగేందర్ మూడు కవర్లిచ్చిండు. ఒకటి తన పేరు మీద, ఒకటి బామ్మర్ది పేరు మీద, ఇంకొకటి అసలు లేనే లేని కంపెనీ పేరు మీద. మూడూ దిల్‌సుఖ్‌నగర్ల ఒక్కటే జిరాక్స్ దుకాణంల తీయించిండు. హెడ్‌మిస్ట్రెస్ ఇందిరాదేవి మేడమ్ మూడూ చేతిల పెట్టి, నాలుగు గంటల లోపట సక్కగ తెమ్మన్నది.

ఆ లేని కంపెనీ జాగల పెట్టేటందుకు గప్పుడు యోగేందర్‌కు సైదులు యాదికొచ్చిండు.

సైదులుకు పోయినేడు సొంతంగ కాంట్రాక్టులు పట్టే లైసెన్స్ ఒచ్చింది. వంద లెటర్‌హెడ్‌లు కొట్టించుకుండు, ముద్ర చేయించుకుండు. వందల తొంభై ఏడు ఇంకా బ్యాగులనే ఉన్నయి, మడత పడకుంట నడుమ అట్ట పెట్టి.

"నాది నాలుగు లక్షల ఇరవై వేలు," అన్నడు యోగేందర్, జేబులకెల్లి తన కాయితం తీసి సైదులు ముంగట పరిచి. "నువ్వు నాలుగు ఎనభై రాయి. ముద్ర గుద్దు. నేను గెలుస్త, నువ్వు ఓడుతవ్, ఇద్దరం కలిసి పలకలు ఎక్కిస్తం. గంతే గదా?"

గంతే అయితే సైదులు ఎప్పుడో గుద్దుతుండె. ఇచ్చినంక దొరికితే లైసెన్స్ పోతది. ఇయ్యకుంటే రేపటి సంది పని పోతది. ఆయన చాయ్ మీద మీగడ కట్టింది.

"భయపడుతున్నవా?" అని నవ్విండు యోగేందర్. "నా పక్కకు నిలవడ్డోనికి భయమేందిర? టెండర్ల నేను ఎట్ల దిగుతనో నీకు ఎరుకేనా? ఈరమ్మా, ఇంకో చాయ్ పొయ్యి. సార్ మీరు గూడ ఇనుండ్రి."

సార్ అంటే ప్రసన్నకుమార్. విజయవాడ దిక్కాయన, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల ఫిజిక్స్ చెప్తడు. క్లాసుకు పోయే ముందు రోజూ ఈడ ఒక చాయ్ తాగి మెట్రో ఎక్కుతడు.

"మూడేండ్ల కింద సాగర్ రోడ్డు మీద ఒక బడి. చిన్న పని, పది పలకలు. నేను గూడ చిన్నగనే పోయిన, చెప్పులేసుకొని. చూస్తే ఆడ ముగ్గురున్నరు కవర్లు పట్టుకొని. సరే ముగ్గురే గదా అని చాయ్ తాగొచ్చేటాల్లకు ఏడుగురైన్రు, పాన్ నమిలి ఉమిసేటాల్లకు నలభై! ఢిల్లీ నుంచి ఒకడు, జర్మనీ నుంచి ఒకడు. బడి పిల్లలకు సెలవిచ్చి శామియానా ఏసిన్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీ కవర్ తెరిచారు," అన్నడు ప్రసన్నకుమార్.

"యాడ తెరిచిన్రు సార్! కవర్ మీద నా పేరు చూసి ముప్పై మంది వాళ్ళ కవర్లు వాళ్ళే చింపుకున్నరు. మిగిలినోళ్ళు రేటు దించుడు షురూ చేసిన్రు. ఆ జర్మనీ ఆయన ఫ్రీగ పెడతనన్నడు. నా కవర్ ఇప్పితే ఏమున్నది? 'పని ఇచ్చినందుకు బడికే నేను ఎదురు పైసలిస్త!'"

"అది మైనస్ టెండర్ అండీ."

"మైనస్సే! ప్లస్సు ఎవడైన ఏస్తడు సార్."

ఈరమ్మ గిలాస కడుక్కుంట, "ఎదురు పైసలిచ్చినోడివి, నా బండికాడ ఖాతా ఎందుకు పెట్టినవ్ కొడుకా?" అన్నది. యోగేందర్ ఇన్నడో ఇనలేదో, కుర్చీ ముంగటికి జరుపుకుండు.

"పలకలు పెట్టిన. పది పలకలే, కానీ నేను పెట్టిన పలకలు! కర్మన్‌ఘాట్ అంజన్న మీద ఒట్టు, ఎండకు కరెంట్ ఇచ్చుడు గాదు, హెడ్‌మాస్టర్ బట్టతల కింది నుంచి పోయినా మీటర్ తిరిగేది. మీటర్ ఎనకకు తిరిగి తిరిగి కరెంటోళ్ళే నెలనెలా బడికి బిల్లు కట్టిన్రు. ఒకదినం అటెండర్ తెల్వక పన్నెండు గదులల్ల ఇరవై నాలుగు ఫ్యాన్లు ఒక్కసారే ఏసిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బడి లేచింది!"

"లేచింది అంటే?"

"లేచింది సార్! పునాదులతోని సహా! రెండు ఫీట్లు, నాలుగు ఫీట్లు, వేపచెట్టు దాటింది. లేటుగొచ్చిన పిల్లలు కింద నిలవడి 'ప్రెజెంట్ సార్' అని ఒర్రుతున్నరు."

"ఫ్యాన్ గదిలోపలే తిరుగుతుంటే బిల్డింగ్ ఎలా లేస్తుందండీ? ఆ గాలి ఎటు పోతుంది?"

"కిటికీలు తెరిచుండె సార్," అన్నడు యోగేందర్, ఇంత చిన్న విషయం ఎట్ల తెల్వదన్నట్టు. "నేను ఉరికి సర్వీస్ వైర్ పట్టుకున్న. గుంజిన. ఒక్కణ్ణే గుంజిన! మెల్లగ దించిన, లోపట అన్నం గిన్నెల పప్పు గూడ ఒలకలే. కానీ ఒక్క గలతీ అయింది. గాలికి జరంత జరిగి పక్క మండలంల దిగింది."

"అయ్యో," అన్నడు సైదులు, తెల్వకుంటనే.

"చూసినవా, నీకు సమజైంది! నిధులేమో ఈ మండలానివి, బడేమో ఆ మండలంల. ఆఫీసర్లు పరేషాన్. రూల్ రూలే గదా, టెండర్ మళ్ళ పిలిచిన్రు. ఈసారి ఒక్కడు రాలే. ఎవడొస్తడు నా మీదికి? కానీ ఒక్క కవరొస్తే ఇప్పరు, మూడు లేందే పోటీ గాదంటరు. దినాలు పోతున్నయి. ఇగ మబ్బు పట్టిన దినం చూసుకొని, ఆ దినం డ్యూటీ లేదు గదా, రెండో కవర్ పట్టుకొని ఎవలొచ్చిన్రో తెలుసా?"

మెట్రో ఒకటి పైకెల్లి పోయింది. అది పోయేదాక ఆగి చెప్పిండు.

"సూర్యుడు."

ప్రసన్నకుమార్ గిలాస బండి మీద పెట్టిండు. ఆయన ఎక్కాల్సిన మెట్రో అదే, పోయింది.

"నా ఎనక లైన్ల నిలవడ్డడు పాపం. ఆఫీసోళ్ళు గొడుగులు పట్టుకున్నరు. 'వెలుతురు ఇచ్చేది నేను, నడుమ యోగేందర్ ఎందుకు, నేరుగ నేనే ఇస్త' అని రాసిచ్చిండు."

"మరి ఆయన్ని మీరెలా ఓడించారండీ?"

"నేనెందుకు సార్, రూలే ఓడగొట్టింది! రేటు కంటె ముందు కాయితాలు చూస్తరు గదా. జీఎస్టీ నంబర్ ఏదన్నరు, లేదన్నడు. అనుభవం సర్టిఫికెట్ ఏదన్నరు. 'భూమి పుట్టకముందు సంది గిదే పని చేస్తున్న' అన్నడు. సంతకం, ముద్ర ఉన్న కాయితం చూపియ్యమన్నరు. మొఖం ఎర్రగ చేసుకొని పడమటికి పోయిండు. ఇగో, గసోంటోణ్ణే పక్కకు పెట్టిపిచ్చిన. ఈ మీర్‌పేట్ బడి నాకు ఒక లెక్కనా? గుద్దురా సైదులు ముద్ర."

సైదులు బ్యాగు జిప్పు తీసిండు. అట్ట నడుమకెల్లి ఒక లెటర్‌హెడ్ తీసి మోకాలి మీద పెట్టుకుండు. చెయ్యి ఆడ్నే ఆగింది.

ఈరమ్మ పొయ్యి చిన్నగ చేసింది.

"ఆగు కొడుకా. నీదొక కవర్, సూర్యునిదొకటి. మూడు లేందే ఇప్పరంటివి. మూడోది ఎవలది?"

యోగేందర్ నోరు తెరిచిండు. బడిని ఎగరేసినోడు, సూర్యుణ్ణి లైన్ల నిలవెట్టినోడు, మూడో పేరు కోసం రోడ్డుకు ఈ దిక్కు చూసిండు, ఆ దిక్కు చూసిండు.

"మూడోది… గది… ఉండె ఒకటి…"

"సూర్యుణ్ణి ఓడగొట్టినోడివి," అన్నది ఈరమ్మ, కోపం లేకుంట, చక్కెర ఎంతెయ్యాలె అని అడిగినట్టు, "మా సైదులు 'నేను ఓడిపోత' అని రాసిస్తె తప్ప గెలువలేవా బిడ్డా?"

ప్రసన్నకుమార్ నవ్వు ఆపుకోబోయి పొలమారిండు. యోగేందర్ మొఖం మీద ఒక్క కోత గూడ మిగల్లే.

సైదులు నవ్వలే. ఆయన చూపు యోగేందర్ కాయితం మీద పడ్డది. పలకలు, స్టాండ్లు, వైరు, కూలి. ఆరేండ్ల సంది మిద్దెలెక్కి బిగించింది సైదులే. ఏ బోల్టు ఎంతకొస్తదో ఎరుకే.

"అన్నా, జర పెన్ను."

యోగేందర్‌కు పానం లేచొచ్చింది. "తీస్కో తమ్మీ! నాలుగు ఎనభై, అక్షరాలల్ల గూడ రాయి."

సైదులు మెల్లగ రాసిండు. ముద్ర గుద్దిండు. ఇంకు ఆరేదాక ఊదిండు. యోగేందర్ ఒంగి చూసిండు.

"మూడు అరవై? ఏందిర ఇది! గట్ల రాస్తే పని నీకే ఒస్తది గదరా!"

"ఒస్తే చేస్తనే."

"రేపటి సంది నా సైటు మీద కనవడకు!"

"సరే అన్నా."

సైదులు కాయితం మడిచి, కవర్ల పెట్టి, అంటించి, మీర్‌పేట్ షేర్ ఆటో ఎక్కిండు. అప్పటికి పన్నెండు గూడ కాలే.

రూల్ ప్రకారం ఒకల రేటు ఇంకొకలకు తెల్వద్దు. సైదులుకు యోగేందర్ రేటు తెలుసు. కానీ దాన్ని తీసి ముంగట పరిచింది యోగేందరే. మూడో కొటేషన్ కావాలన్నడు, మూడో కొటేషన్ ఒచ్చింది, వేరే కంపెనీది, నల్లగీత లేనిది. ఇగ మీరే ఆ బడిల కూసొని కవర్లు ఇప్పేటోళ్ళయితే, సైదులు కవర్ ఇప్పుతరా, వాపసిస్తరా?