రెండు వైపులా నిలిచే పలక

అధ్యక్ష స్థానంలో ఉన్న డైరెక్టరు గారికి, పెద్దలకు, నేను నోరు తెరవకముందే వెనక వరుసలో నవ్వు మొదలుపెట్టిన మా వర్క్‌షాపు మిత్రులకు నమస్కారం.

ఈ ఉదయం మేస్త్రి గారు గోళ్లు కత్తిరించుకుని వచ్చారు. గోరు తగిలితే మేం పలకలు చేసే పలచటి కార్బన్ నార పొర మీద గీత పడుతుందని ముప్పై ఏళ్లుగా ఆయనకది అలవాటు. పదవీ విరమణ రోజున మాత్రం ఆయన ముట్టుకోవలసిన పొర ఏదీ లేదు.

నేను చేరిన కొత్తలో నాలుగు పొరలు పరుస్తూ వరస తప్పాను. చదునుగా రావలసిన పలక ఓవెన్‌లోంచి ఎండుటాకులా ముడుచుకుని వచ్చింది. దాన్ని చెత్తబుట్ట అడుక్కి తోస్తుంటే వెనక నుంచి, "ఏమ్మా పుస్తకాల పురుగూ, దొంగసొత్తు దాస్తున్నావా?" అని వినబడింది. (నవ్వులు) ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, మధ్యలో బొటనవేలితో నొక్కారు. టప్పుమని వంపు అటు తిరిగి, అలాగే నిలిచిపోయింది. "మా ఆవిడ అలక లాంటిదమ్మా ఇది. ఒకసారి తిరిగిందంటే ఎవరూ పట్టుకోనక్కర్లేదు" అన్నారు. పిన్నిగారూ, మన్నించాలి, నేను ఉన్నదున్నట్టు చెబుతున్నాను. (నవ్వులు)

పడవల కోసం మనం ఈ పలకతో చేస్తున్న యాంటెన్నా ఆ తప్పులోంచే పుట్టింది. ఒక వంపులో అది సంకేతాన్ని ఒక్క దిక్కుకే దూరంగా పంపుతుంది, ఇంకో వంపులో చుట్టూ పంచుతుంది. రెండు యాంటెన్నాలు పట్టని చిన్న పడవలకు ఇదొక్కటి చాలు.

అయితే ఎన్నిసార్లు వంపు మార్చినా చీలకుండా తిరిగినవన్నీ మేస్త్రి గారి చేతి పలకలే. నావి పదోసారికో పాతికోసారికో చీలిపోయేవి. ఆయన వెళ్లాక ఈ పని సాగుతుందా అని డైరెక్టరు గారు నన్ను అడిగారు. ఆ మర్నాటి నుంచి మూడు నెలలు ఆయన నా పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఒకరోజు ఏడుపు ఆపుకోలేక, "ఒక్క పొర మీరు పరవండి మేస్త్రి గారూ" అని అడిగాను.

"పరుస్తా. అప్పుడది నా పలకవుతుంది. మరి నీదెప్పుడు చేస్తావ్ తల్లీ?"

ఆయన మీద ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. ఇన్నాళ్లూ చెప్పలేదు.

నాకు మైకు ముందు ఇంతకంటే మాట్లాడటం రాదు. ఓపికగా విన్న మీ అందరికీ, నేర్పినందుకు మేస్త్రి గారికీ కృతజ్ఞతలు. సెలవు తీసుకునే ముందు ఒక్క సంగతి. మొన్న నేనొక్కదాన్నే వేసిన పలక నిన్నటి నుంచి పరీక్ష యంత్రం మీద ఉంది. ఇక్కడికి వచ్చేముందు చూశాను. వెయ్యిసార్లు అటూ ఇటూ తిరిగింది, ఎక్కడా చీలలేదు.