నల్లకారు మీద దాగ

ఏటిరా అది, బట్టల సబ్బుపొడేనా బకెట్లో కలిపావు? కొత్త కారుకి? అందులోనూ మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిన పెట్టుకుని? ఓహో, ఫోన్లో ఎవడో చెప్పాడా. సరే, వాడు చెబితే శాస్త్రం, నేను చెబితే చాదస్తం. మీ తాత ఉండి ఇది చూసుంటే ఆ బకెట్టు నీ నెత్తిన బోర్లించి, ముందు నిన్ను కడిగి, తర్వాత కారు కడిగేవాడు. ఆ బండి ఇలా నీడలోకి తియ్యి. నా కుర్చీ కూడా. ఎండలో తడిపితే నీళ్ళు ఆరిన చోటల్లా చుక్కలు మిగిలిపోతాయి, ఆనక ఎంత రుద్దినా పోవు. ఇది మీ తాత మాట, నాది కాదు. నాకేం తెలుసు కారు సంగతి, నన్నెవరు ముట్టుకోనిచ్చారు గనక. నన్నంటే తమ్ముడి పెళ్ళాన్ని, పరాయిదాన్ని. కట్టుకున్నదాన్ని, మీ నాయినమ్మ వరలక్ష్మినే ముట్టుకోనివ్వలేదు. మరదే కదేటి కథంతా.

చైనా యుద్ధం అయిపోయిన కొత్తలో కొన్నాడు మీ తాత, నల్ల అంబాసిడరు, ఎవరో కంట్రాక్టరు వాడి వదిలేసింది. ఈ ఒడియా ఊళ్ళో, గేట్ బజారులో మన కోమట్ల వీధికి అదే మొదటి కారు. అప్పటికి నేను ఈ ఇంటికి చిన్నకోడలుగా వచ్చి ఎంతో కాలం కాలేదు. మీ నాయినమ్మ పెద్దకోడలు, బొడ్డున తాళాల గుత్తి, చంకలో మీ నాన్న. ఇక మీ తాత. నువ్వులకీ చింతపండుకీ కొండల వైపు దిగపహండి ఎల్తున్నానని పొద్దున్నే బయల్దేరేవాడు. సాయంత్రం తిరిగొస్తే గడప తొక్కడు. పంచె ఎగ్గట్టి, వీధిలోనే, నేరుగా కారు కడగడానికి దిగిపోయేవాడు. అదైనా ఎలా, పసిపిల్లకి తలంటినట్టు. ముందు చెంబుతో పైనించి నీళ్ళు వదలడం, మట్టి నాని దానంతటది జారేదాకా చెయ్యి వెయ్యకపోవడం. మట్టి మీద గుడ్డ పెట్టావా, గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే అనేవాడు. ఆ తర్వాత కుంకుడు రసం. నవ్వకు, నిజం, తలకి పోసుకునే కుంకుడు రసం నురగ తీసి, పాత మల్లు పంచె ముక్కతో పైనించి కిందకి. కింద ముట్టిన గుడ్డ మళ్ళీ పైకి తేడు. కాకి రెట్ట వేస్తే భోజనం మధ్యలో ఎడం చేత్తో తడిగుడ్డ పట్టుకుని పరిగెత్తేవాడు, ఎండితే రంగు తినేస్తుందని. దసరాకి కారుకి పూజ చేస్తే కుంకం బొట్టు అద్దానికే, రంగు మీద పెట్టనివ్వడు. అన్నీ అయ్యాక కలకత్తా నుంచి తెప్పించిన మైనం పాలిష్ డబ్బా మూత తీసేవాడు. ఆ టర్పెంటైన్ కంపు వీధి చివరిదాకా కొట్టేది. గుండ్రంగా, గుండ్రంగా, చీకటి పడేదాకా రుద్ది, అప్పుడు నూతి దగ్గర స్నానం చేసి, అప్పుడు ఇంట్లోకి. వీధిలో ఆడవాళ్ళు మీ నాయినమ్మని ఏడిపించేవారు, "ఏమే వరలక్ష్మీ, మీ ఆయన కారుకి కుంకుడు రసం తీస్తాడట, నీకెప్పుడైనా తీశాడా?" అని.

ఆవిడా నవ్వేసేది, మొదట్లో. ఒకరోజు ముచ్చటపడి, కొత్తగా మెరుస్తోంది కదాని బానెట్టు మీద అరచెయ్యి ఆనించింది. ఆయన ఎక్కణ్ణించి చూశాడో, అరుగు మీంచి ఒక్క దూకు దూకి, ఆవిడ చెయ్యి పట్టుకుని తీసేసి, ఆ అచ్చు పడిన చోట గుడ్డతో తుడిచాడు. "చెమట చెయ్యి పెడితే పాలిష్ పోద్దే" అన్నాడు. కేకలెయ్యలేదు, మామూలుగానే అన్నాడు. కానీ మొగుడు తన చేతి ముద్రని తుడిచెయ్యడం చూసిన ఆడదానికి ఎలా ఉంటుందో నీకు తెలీదులే, నీకింకా పెళ్ళి కాలేదు. ఆవిడ ఆ చేతిని చీర కొంగులో చుట్టుకుని లోపలికొచ్చింది. ఆ రోజు వంటలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

ఆగు, జగ్గన్న సంగతి చెప్పాలి ముందు. మన గొడౌన్లో బస్తాలు మోసేవాడు, ఒడియావాడు, పెద్ద మీసాలు, మహా మంచివాడు. మీ నాయినమ్మేమో టెక్కలి పిల్ల, అప్పటికి ఒడియా ఒక్క ముక్క రాదు. ఓ సాయంత్రం కారు వచ్చి ఆగింది, మీ తాత నీళ్ళకి నూతి దగ్గరకి ఎల్లాడు. జగ్గన్న చక్రం పైన మడ్‌గార్డు వైపు వంగి చూసి, తల ఆడించి, తనలో తను అనుకున్నట్టు అన్నాడు, "బాబు గాడిరె దాగ" అని. వాడన్నది ఏటి? గాడి అంటే వాళ్ళకి బండి. దాగ అంటే మచ్చ. బాబుగారి బండి మీద మచ్చ పడింది, అని పాపం వాడి బాధ. గుమ్మంలో ఉన్న ఈవిడ విన్నదేటి? బాబుగాడి దగా. చూశావా, రెండు ముక్కలు, మధ్యలో ఒక సంసారం. ముందు ఆవిడకి ఒళ్ళు మండింది, నా మొగుణ్ణి పట్టుకుని బస్తాలు మోసేవాడు బాబుగాడంటాడా అని. మర్నాటి నించి వాడికి రోజూ ఇచ్చే మజ్జిగ బంద్. వాడు చెంబు పట్టుకుని నిలబడి నిలబడి ఎళ్ళిపోయేవాడు, తను చేసిన తప్పేటో తెలీక. కోపం చల్లారాక అసలు మాట ఎక్కింది బుర్రకి. దగా. గొడౌన్లో వాడిదాకా పాకిన దగా పక్కలో పడుకున్నదానికి తెలీలేదా? నాతో కూడా వాడన్న మాట అన్నట్టు చెప్పలేదు. "జగ్గన్నకి కూడా తెలుసు కమలా, మీ బావగారు నన్ను దగా చేస్తున్నార"ని చెప్పింది. అలా చెబితే నాకు మాత్రం ఏం తెలుస్తుంది? నేనప్పుడు అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివు నవలలన్నీ నమిలేస్తున్న రోజులు. ఇద్దరం కలిశాం.

తర్వాతసారి ఆయన దిగపహండి ఎల్లొచ్చిన సాయంత్రం, ఆయన నీళ్ళు తోడుతుండగా ఈవిడ చప్పుడు కాకుండా కారు దగ్గరకి ఎల్లి, ఆ మడ్‌గార్డు మీద తెల్లగా చారలు కట్టిన చోట వేలితో గీకింది. గుప్పిట మూసుకుని నా దగ్గరకొచ్చి, "కమలా, నాలిక చాపు" అంది. ఎందుకక్కా అంటే, చాపు ముందు అంది. ఆ వేలు నా నాలిక్కి రాసింది. ఉప్పు. తనూ రాసుకుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "దిగపహండిలోకి సముద్రం ఎప్పుడొచ్చిందే?" అంది. కొండల వైపు ఎల్లొచ్చిన కారుకి ఎర్ర దుమ్ము ఉండాలి కానీ ఉప్పెందుకుంటుంది? మడ్‌గార్డు లోపలి అంచున ఇసక, ఆ ఇసకలో ఇంత ఆలిచిప్ప ముక్క. అది కొంగున ముడేసుకుంది. అప్పుడర్థమైంది మాకు, ఆయన కారెందుకు కడుగుతాడో. మెరవడానికి కాదు, ఎక్కడికెల్లాడో కారు చెప్పకుండా ఉండడానికి.

మీ నాయినమ్మ ఏడవలేదు. ఏడ్చే మనిషి కాదు. ట్రంకుపెట్టె సర్ది మంచం కిందకి తోసింది. తాళాల గుత్తి బొడ్డున తీసి మేకుకి తగిలించింది. "అక్కడ ఆడమనిషి ఉందని తేలిందా, పిల్లాణ్ణి తీసుకుని టెక్కలి ఎళ్ళిపోతాను. మళ్ళీ ఈ గడప తొక్కను. ఎవరొచ్చి బతిమాలినా సరే" అంది. అన్నదంటే చేసే మనిషి. మీ నాన్న ఈ ఊళ్ళో పెరిగాడంటే, ఈ షాపు వాడికి దక్కిందంటే, నువ్విప్పుడు ఇక్కడ నిలబడి కారు పాడుచేస్తున్నావంటే, అదంతా అప్పుడు ఆ మేకుకి వేలాడుతోందన్నమాట. మేకేటి? అదే, వంటింటి గుమ్మం పక్కన, ఇప్పటికీ ఉంది, నువ్వు ఛార్జరు తగిలిస్తావే, అది.

ఎక్కడని వెతుకుతాం, సముద్రం చిన్నదా? వెతక్కుండానే తెలిసింది. ఎండుచేపల గంప నెత్తినెట్టుకుని దేముడమ్మని ఒకావిడ మా వీధిమీదుగా బజారుకి ఎల్లేది. మా వీధిలో ముక్కులు మూసుకుని తలుపులేసుకునేవారు, కోమట్లం కదా, నీసు పేరెత్తితే నోరు పుక్కిలించాలి. ఆవిడ ఆ వేళ కారు ముందు ఆగి, దాన్ని ఎరిగున్నదానిలా పలకరించింది. "ఓలమ్మ, ఇది మావూరొస్తాది కదేటి, ఈ కారు?" మీ నాయినమ్మ తలుపు తీసింది. "ఏ ఊరు మీది?" "రామయ్యపట్నం తల్లీ. సావుకారి బాబు కారు కదా, మా పిల్ల గుంటలంతా దీని ఎనకాల పరిగెడతారు." అంతే. గంప సర్దుకుని ఎళ్ళిపోయింది. పచ్చి అగ్గి మా గుమ్మంలో పోసి ఎళ్ళిపోయింది.

మా అత్తగారితో సముద్రస్నానం మొక్కుందని చెప్పాం. అబద్ధం కాదు, సముద్రం అక్కడుంది. ఆయన దిగపహండి అని బయల్దేరాక మేం బస్సెక్కాం. దిగి నడక. ఇసకలో కాళ్ళు కూరుకుపోతున్నాయి, పిల్లాడు చంకలో ఏడుపు. ఊళ్ళో అడగాల్సిన పనే లేకపోయింది. నల్లకారు అంత దూరం నించే కనబడింది. ఎలా కనబడిందో చెప్పనా? దానికో పాక. వేరే పాక, కారుకోసమే కట్టింది. పైన తాటాకు, సముద్రం వైపు గోనెపట్టాలు వేలాడదీసి తడిపి ఉంచారు, ఉప్పుగాలి రంగుకి కొట్టకుండా. మన ఇంటి దగ్గరైతే కారు వీధిలోనే ఉండేది. మీ నాయినమ్మ ఆ పాకని చూసి నిలబడిపోయింది. "ఇక్కడ ఇల్లే కట్టించాడే" అంది. మొహం సున్నంలా అయిపోయింది. నేను అనుకున్నాను, అయిపోయింది, టెక్కలి బస్సే ఇక.

పాక వెనక ఇల్లు. తలుపు తీసే ఉంది. లోపల మీ తాత చొక్కా విప్పేసి పీటమీద బాసింపట్టు వేసుకుని కూచుని ఉన్నాడు, ముందు ఆకు, ఆకులో అన్నం, ఎర్రటి పులుసు, పులుసులో ఇంత చేప. ముళ్ళు ఒక పక్కకి వరసగా పేర్చాడు, తూకం రాళ్ళు పేర్చినట్టు. మమ్మల్ని చూశాడు. ముద్ద నోటి దాకా ఎల్లి ఆగిపోయింది. కిందకి దించలేడు, మింగలేడు. వైశ్య సంఘంలో పెద్దమనిషి, వాసవీ పూజకి ముందు నిలబడేవాడు. మీ నాయినమ్మ ఆ ముద్దని చూసింది, ఆయన మొహం చూసింది, నవ్వడం మొదలెట్టింది. గోడ పట్టుకుని నవ్వింది, పిల్లాణ్ణి నా చేతికిచ్చి నవ్వింది, కళ్ళమ్మట నీళ్ళు. "చేపలా? చేపలకా ఇదంతా? ఆ పాలిష్ కంపు చేతుల కంపు పోడానికా?" ఆయన తల ఊపాడు, తప్పు చేసిన పిల్లాడిలా లేవబోయాడు. "కూచోండి, తింటూ మధ్యలో లేవకండి. ముల్లు చూసుకోండి" అంది. అదీ మీ నాయినమ్మ.

ఈలోగా పిల్లాడు దాహమని గోల. గుమ్మం వెనక నించి ఒకావిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. కూర్మమ్మట, మొగుడు వేటకెల్లి తిరిగి రాలేదట. వయసు ఎంతో లేదు. "వండిపెడతాది, అంతే" అన్నాడు మీ తాత, ఎవరూ అడక్కుండానే. అంతే అన్న మాట ఎందుకో అంత గట్టిగా. మీ నాయినమ్మ చెంబు అందుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ చెంబుకి చేపల వాసన లేదు. టర్పెంటైన్ వాసన.

బయటికొచ్చాం. కారు అద్దంలా మెరుస్తోంది. ఉప్పుగాలిలో అన్ని గంటలు నిలబడిన కారు. మీ నాయినమ్మ దాని ముందు ఆగి, పిల్లాడి ఉచ్చతో తడిసి ఇసక అంటిన అరచెయ్యి తీసి, బానెట్టు నడిమధ్య ఆనించి, అదిమింది. మీ తాతనే చూస్తూ. ఆయన ఈసారి తుడవడానికి రాలేదు. ఆవిడ చెయ్యి తీసిందో లేదో, గుమ్మంలోంచి ఆ కూర్మమ్మ, చేతిలో మల్లు గుడ్డతో, గబుక్కున ఒక అడుగు ముందుకేసింది. వేసి, ఆగిపోయింది. అలవాటున వేసిన అడుగు, తెలిసిపోతోంది. గుడ్డ వెనక్కి దాచుకుంది.

అప్పుడు చూశాను మీ నాయినమ్మ మొహం. ఆ అడుగు ఆవిడా చూసింది. చూడలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కారెక్కాం. ఊరు దగ్గర పడ్డాక, నా వైపు తిరిగి, "చేపలే కమలా. ఇంకేం లేదు" అంది. చెప్పినట్టు లేదు, ఆర్డరేసినట్టుంది. ఇంటికొచ్చి మేకు మీంచి తాళాలు తీసి బొడ్డున దోపుకుంది. ట్రంకుపెట్టె విప్పింది. ఆ తర్వాత దిగపహండి వారాల్లో ఆవిడే కుంకుడు రసం తీసి వీధిలో పెట్టేది, గుడ్డ కూడా మడతపెట్టి ఇచ్చేది. ఇద్దరూ పోయేదాకా ఆ చేప ముక్క సంగతి మా ముగ్గురి నోటా బయటికి రాలేదు. జగ్గన్నకి మళ్ళీ మజ్జిగ మొదలైంది, మీగడతో.

చాలా ఏళ్ళకి, ఆవిడకి ఒడియా బాగా వచ్చేశాక, బజారులో బేరాలు కూడా ఒడియాలోనే ఆడే రోజుల్లో, జగ్గన్న ఆ వేళ అసలు ఏ మాట అన్నాడో నాకు చెప్పింది, చూడు, ఎంత బోల్తా పడ్డానో అని. నేను విరగబడి నవ్వాను. దాగ అంటే మచ్చ కదక్కా, దగా అనుకున్నావా, అన్నాను. ఆవిడ బెండకాయలు తరుగుతోంది. నవ్వలేదు. కత్తిపీట మీంచి తలెత్తకుండా, "నేను విన్నదే నిజం కమలా, వాడే తప్పు పలికాడు" అంది.

ఏటలా చూస్తున్నావు నన్ను? నేనేమన్నానిప్పుడు. వండిపెట్టేదన్నాడు, వండిపెట్టేదే అనుకో. నీ సబ్బు ఆరిపోతోంది చూడు అక్కడ, డోరు మీద. నీళ్ళు పొయ్యి, బేగి. దాగ పడిపోద్ది.