ఆర్డిస్ గారి సీడరు చెట్లకి నడుం పోయిన సంగతి

ఆగండాగండి ఆర్డిస్ గారూ, తలుపు మొహాన వేసెయ్యకండి! బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కిందుంది. తిట్టేదేదో లోపల వెచ్చగా తిట్టండి.

చూశానండీ. పన్నెండు చెట్లూ చూశాను. కింద గోనె లంగా, పైన పచ్చ టోపీ, నడిమధ్య జింకలు మేసేసిన ఒట్టి ఎముకలు. పోయినేడు ఆస్పత్రి నించి ఇంటికొచ్చినప్పుడు నేనూ అచ్చం అలాగే ఉన్నాను.

ఏమిటీ? నలభై ఏళ్ళు మొక్కల నర్సరీలో చేసిన నార్వల్ కదా అని నన్ను నమ్మారా? అదే మీ పొరపాటు. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఒక్కనాడూ నమ్మలేదు.

అయినా నేను చెయ్యందేముంది? జింకలు రాకుండా కొమ్మకో సబ్బు కట్టానా? జింకలు వాసన చూసి, చేతులు కడుక్కున్నట్టే భోజనానికి దిగాయి. కుళ్ళిన గుడ్ల మందు కొట్టానా? దానికి బెదిరింది మీ పిల్లీ, పోస్టుమానూను.

గోనె చుట్టాను కదండీ, అక్టోబరులో. నాలుగడుగుల దాకా. మూడడుగుల మంచు పడి గట్టిపడింది. దానిమీదికి అరుగెక్కినట్టు ఎక్కి, గోనె పైనున్నదంతా నాకేశాయి. మంచు పడుతుందని మినెసోటాలో పుట్టినవాడికి తెలీదా అంటే... ఏం చెప్పనండీ, బుర్ర ముసలిదైపోయింది.

కాఫీయా? వద్దండీ. అబ్బే, వద్దు. ...రెండుసార్లు వద్దని మూడోసారి ఒప్పుకోవడం మన ఊరి మర్యాద కదా, ఆ మూడోసారి అడగలేదు మీరు. అంటే నిజంగానే కోపం వచ్చిందన్నమాట.

ఏమన్నారు? ఆ వడ్రంగి డెల్మారా? మంచు కరగ్గానే ఎనిమిదడుగుల చెక్క కంచె కడతాడా? మీ ఇంటికీ మా ఇంటికీ మధ్యనా! వాడు పెట్టిన గరాజు తలుపు వాడికే తెరుచుకోదే!

వద్దండీ ఆర్డిస్ గారూ. కంచె మాత్రం వద్దు. కూర్చోండి, ఒక మాట చెప్పాలి.

బుర్ర ముసలిదవడం అబద్ధం. ఎనిమిదడుగుల దాకా చుట్టాలని నాకు తెలుసు. ఊరందరికీ అలాగే చుట్టాను. మీ చెట్ల దగ్గర మాత్రం నిచ్చెనెక్కి, గోనె చేత్తో పట్టుకుని, కాసేపు నిలబడి, దిగిపోయాను.

ఆ చెట్లు ఎదగక ముందు, పొద్దున్నే మీ వంటింట్లో దీపం వెలిగేది. అది చూసి నేను పొయ్యి వెలిగించుకునేవాణ్ణి. అవి మీ వంటింటి కిటికీకి అడ్డమొచ్చాక, ఎందుకు లేస్తున్నానో తెలీకుండా లేస్తున్నాను. జింకలు ఓ చిన్న సందు చేసిపెడితే చాలనుకున్నాను. పన్నెండిటినీ పట్టుకుంటాయని ఎవరనుకున్నారు?

తిన్నచోట సీడరు మళ్ళీ చిగురెయ్యదు. అదీ తెలుసు నాకు. అందుకే తిట్టండి, ఏమీ అనను.

మే నెలలో పన్నెండూ కొత్తవి నా చేత్తో నాటుతాను. అవి ఆ కిటికీ అంత ఎత్తు ఎదిగేసరికి పదేళ్ళు. నాకిప్పుడు డెబ్బై తొమ్మిది.

అడ్డమొచ్చేవేళకి నేను చూడ్డానికుండను లెండి.